మచ్చలేని కార్జాలు

మొన్న ఆదివారం కరీంనగర్‌లో మటన్ దుకాణం ముందు నిలబడి ఉన్నాను. మటన్ కొట్టే ఆయన గొర్రె కడుపులోంచి కార్జం తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, మొహం చిట్లించి పక్కనున్న బకెట్‌లోకి విసరబోయాడు. తెల్లటి చారలతో గట్టిపడిపోయి ఉంది. చెరువు గట్ల మీద మేసిన గొర్రెలకు కార్జంలో జలగల్లాంటి పురుగులు పడితే అలా అవుతుంది. దాన్ని ఎవరూ కొనరు.

నా నోరు నన్ను అడక్కుండానే అరిచింది. "ఆగు ఆగు! పారెయ్యకు, నాకు కట్టు."

"గిదా? గిది ఖరాబైందమ్మా. మంచిది తీసిస్త, జర ఆగు."

"మంచిదెవలకు గావాలె? గదే కట్టు."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "కుక్కకా?" అన్నాడు. ఔనన్నాను. కవరు చేతికొచ్చాక గానీ గుర్తు రాలేదు, దీన్ని ఎవరికి ఇవ్వాలో ఆ మనిషి ఎండాకాలంలోనే పోయారని. అయినా ఇంటికి తెచ్చాను. స్టీలు పళ్లెంలో పెట్టి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నలిపి చూశాను. నలగలేదు. చేతులు కడుక్కున్నాను.

ఆయన పేరు రాయను. గది తలుపుకు పేరుపలక కొడితే, దాని మేకుకు తట్టుకుని చొక్కా చిరుగుతోందని తీసేయించిన మనిషి. ఇప్పుడు నేను మళ్లీ ఆ మేకు కొట్టడం ఎందుకు?

నేను నస్పూర్ పక్కన బొగ్గుబాయిల దవాఖానలో థియేటర్ నర్సుగా పనిచేశాను. సారు అక్కడ సర్జన్. అరవైతొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి రోడ్లన్నీ బందయిన రోజుల్లో ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని మంచిర్యాల స్టేషన్ నుంచి నడిచొచ్చారని వార్డుబాయ్‌లు చెప్పుకునేవాళ్లు. నెత్తిన పెట్టుకున్నారో, రిక్షాలో వేసుకున్నారో నాకు తెలియదు. ఆయన గురించి ఏ కథ చెప్పినా జనం ఆయన నెత్తిన ఏదో ఒక బరువు పెట్టి గానీ చెప్పేవాళ్లు కాదు.

ఆయన ఎలా ఉండేవారని ఎవరైనా అడిగితే నేను ముందు వేళ్లే చెప్తాను. మిగతా మనిషి మామూలు మనిషే. సన్నగా, కొంచెం ముందుకు వంగి, చెప్పులు ఈడ్చుకుంటూ నడిచేవారు. కానీ ఆ వేళ్లు ఊరుకునేవి కావు. క్యాంటీన్‌లో వడ తెచ్చిపెడితే అందరిలా కొరికి తినేవారు కాదు. రెండు వేళ్ల మధ్య మెల్లగా నలుపుతూ పోయేవారు. పిండి రాలిపోయాక కరివేపాకు ఈనె, మిరపకాయ తొడిమ మిగిలేవి. వాటిని పళ్లెం అంచున జాగ్రత్తగా పెట్టేవారు. బెల్లం ముక్క, ఎండిన మట్టిగడ్డ, చాయ్‌లో ముంచిన బిస్కెట్టు, ఏది దొరికినా అదే పని. క్యాంటీన్ ఆయన విసుక్కునేవాడు. "సారు తింటుండా, ఎవలన్న పారేసుకున్నది ఎతుకుతుండా?"

నిజానికి ఆయన వెతికేవారు. కార్జం కత్తికి లొంగేది కాదు. కత్తి పెడితే లోపలి నెత్తురు నరాలన్నీ ఒక్కసారే తెగుతాయి, మనిషి దక్కడు. వేళ్లతో మెల్లగా నలిపితే మెత్తటి కండ రాలిపోతుంది, నరాలు దారాల్లా నిలుస్తాయి. ఒక్కొక్క దారాన్నీ కట్టి, తెంపుకుంటూ పోవాలి. ఇది ఆయన ఎక్కడో విదేశీ పుస్తకంలో చదివారు. చదివింది వేళ్లకు ఎక్కాలని కనిపించిన ప్రతిదాన్నీ నలిపేవారు. "జర ఆగు, నరం దొరుకుతది" అన్నది ఆయన నోటి మాట. తాళంచెవి పోయినా అదే మాట, బస్సు రాకపోయినా అదే మాట. నేను మేట్రన్‌తో పోట్లాడి వచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంటే కూడా అదే అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఎందుకింత తాపత్రయం అంటే, పక్కటెముకల కింద గడ్డతో వచ్చేవాళ్లు మా దగ్గర అప్పుడప్పుడూ కనిపించేవాళ్లు. కార్జంలో క్యాన్సర్. హైదరాబాద్ పంపితే అక్కడ చూసి, తీసుకుపొమ్మనేవాళ్లు. ఆ మనుషులు కంపెనీ క్వార్టర్ల ముందు నులకమంచాల మీద పడుకుని, రోజురోజుకూ పసుపుపచ్చగా మారి, పొట్ట ఉబ్బి పోయేవాళ్లు. సారు సాయంత్రం ఆ వీధుల్లోంచి నడిచి ఇంటికి పోవాలి. ఆ మంచాల మీంచి వాళ్లు లేచి దండం పెట్టేవాళ్లు. వాళ్లలో ఒక్కరినైనా బతికించాలి, ఇక్కడే బతికించాలి అన్నది ఆయనకు పట్టుకుంది. అది పిచ్చి అనేవాళ్లూ ఉన్నారు. నేనూ అన్నాను.

నేర్చుకోవడానికి మనుషుల కార్జాలు ఎక్కడ దొరుకుతాయి? యాటల కార్జాలే, మేకలవీ గొర్రెలవీ, దిక్కు. క్వార్టర్లలో పోచమ్మకో, మైసమ్మకో, మల్లన్నకో ఎవరో ఒకరు యాటను కోస్తూనే ఉంటారు. సారు ఒకరిద్దరితో, "కార్జం నాకు పంపుతారా?" అన్నారు. అన్నారో లేదో, ఊరంతా పాకిపోయింది, సర్జన్ సారుకు కార్జమంటే ప్రాణమని. మా దగ్గర యాట కార్జం గౌరవమున్న మనిషికి పెడతారు. ఇంకేం, అల్లం, కారం, నిమ్మకాయ పట్టించి, నిప్పుల మీద కాల్చి, స్టీలు టిఫినులో పెట్టి పంపడం మొదలుపెట్టారు. సారు మూత తీసేవారు, మూత పెట్టేవారు. సారు వాళ్లది చొప్పదండి పక్క ఊరు. ఇంట్లో తాతల నాటి నుంచీ నీసు ముట్టరు. గుడ్డు కూడా తెలియదు ఆయనకు.

ఆ టిఫిన్లు మేం నర్సులం కూర్చుని తినేవాళ్లం. పాపం ఎందుకు దాచాలి, బాగుండేవి.

చివరికి నేనే ఇల్లిల్లూ తిరిగి చెప్పాల్సి వచ్చింది. "వండకుండ్రి. కోయకుండ్రి. తీసింది తీసినట్టు పచ్చిదే ఇయ్యుండ్రి."

ఒక ముసలమ్మ నన్ను పక్కకు పిలిచింది. "పచ్చిదెందుకు బిడ్డా? సారు మంత్రం గింత్రం చేస్తుండా?"

"ఆ, మంత్రమే. రేపు నీ కొడుకు బాయిల పడితె అతికిచ్చే మంత్రం."

అప్పటి నుంచి పచ్చివి రాసాగాయి. సారు ఇంటి వెనక వరండాలో తెల్ల ట్రే మీద పెట్టేవాళ్లం. నరంలోకి ఎర్రసిరా కలిపిన నీళ్లు ఎక్కించి, సారు వేళ్లతో నలుపుతూ పోతుంటే నేను దారాలు కట్టేదాన్ని. ఎక్కడ ఎరుపు కారితే అక్కడ తప్పిపోయినట్టు. మొదట్లో ట్రే అంతా ఎర్రగా అయ్యేది. పోనుపోను ఒక్క చుక్క కూడా కారకుండా కార్జం రెండు ముక్కలయ్యేది. సారు భార్య ఆ వైపు తలుపు తీసేది కాదు. మేం వెళ్లాక పసుపునీళ్లతో కడిగించేది. ఆమెను తప్పుపట్టను.

అలాంటప్పుడు రాజలింగు వచ్చాడు.

బాయి లోపల పైకప్పుకు కట్టెలు నిలబెట్టే పని అతనిది. కడుపు మీద వేళ్లుంచి సారు తట్టి చూస్తుంటే నవ్వాడు. "మా పని నీ పని ఒక్కతీరే సారూ. మేం గూడ కప్పు మీద గిట్లనే కొట్టి, సప్పుడు ఇనుకుంట పోతం." గడ్డ కార్జంలో ఎడమపక్క ఉంది. హైదరాబాద్ పోయి వచ్చాడు. వాళ్లు చెప్పింది వినే వచ్చాడు. భార్య లచ్చవ్వ, తమ్ముడు పోశం వెంట ఉన్నారు.

సారు ఏదీ దాచలేదు. "చెయ్యకపోతె వానకాలం దాటవు. చేస్తె బతుకొచ్చు, బల్ల మీదనే పోవొచ్చు. నేను గీ ఆపరేషన్ మనిషికి ఎన్నడు చెయ్యలే."

"చెయ్యి సారూ. ఊళ్లె యాటల కార్జాలన్ని నీ చేతులకు అచ్చినయ్. నాదెందుకు ఆగాలె?"

లచ్చవ్వ అంతసేపూ కొంగు నోట్లో పెట్టుకుని ఉంది. అప్పుడు అడిగింది. "సారూ, ఖరాబైంది తీసేసినంక నాదాంట్లకెల్లి సగం కోసి ఆయనకు పెట్టరాదా? నాది మంచిగనే ఉంటది. నాకు ఎన్నడు జెరమన్న రాలే."

వార్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు. రాజలింగు కూడా నవ్వాడు. "నీది నాకెందుకే, పొద్దందాక లొల్లి పెడ్తది లోపట" అన్నాడు. సారు మాత్రం నవ్వలేదు. "గట్ల ఇంక రాదవ్వా" అన్నారు.

ఆపరేషన్ రోజు బయట ఎండ బాగా కాస్తోంది. రాజలింగుతో పనిచేసేవాళ్లు నెత్తురు ఇవ్వడానికి షిఫ్టు దిగి, మొహాల మీద బొగ్గుతోనే వరండాలో వరసగా కూర్చున్నారు. కడుపు తెరిచాం. గడ్డ సారు చెప్పిన చోటే ఉంది. నేను లోలోపల సంబరపడ్డాను. సారు అరచేయి కార్జం మీద ఆనించి, అలాగే ఆగిపోయారు. అప్పుడు నేనూ చూశాను. మా తెల్ల ట్రే మీదికి వచ్చిన కార్జాలు నున్నగా, తడి రేగడిలా ఉండేవి. ఇది ఎండిన సీతాఫలం తొక్కలా బొడిపెలు కట్టి ఉంది. ఎప్పుడో వచ్చి పోయిన కామెర్లు లోపల అంత పని చేసి పెట్టాయి.

సారు వేళ్లు పెట్టి నలిపారు. నలగలేదు. ఇంకొంచెం బలంగా నలిపారు. కండకంటే ముందు నరం తెగింది.

అంత నెత్తురు నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. సారు ఎడమచేయి లోపలికి పెట్టి, కార్జానికి నెత్తురు తెచ్చే తొడిమను బొటనవేలు, చూపుడువేళ్ల మధ్య పట్టి నొక్కారు. నెత్తురు ఆగింది. కుడిచేత్తో కట్టడానికి చూశారు. దారం బిగిస్తే కండ తెగిపోతోంది. వదిలితే నెత్తురు. వదలకపోతే కార్జానికి తిండి లేదు, అదే చచ్చిపోతుంది. సారు వదల్లేదు. సీసా తర్వాత సీసా ఎక్కించాం. బయట ఒకడు లేచి వస్తే ఇంకొకడు వెళ్లి పడుకున్నాడు. కొంతసేపటికి మత్తు డాక్టరు లేచి నిలబడి, "అయిపోయింది సార్" అన్నాడు.

"జర ఆగు" అన్నారు సారు. "నరం దొరుకుతది."

 చివరికి నేనే లోపలికి చేయి పెట్టి ఆయన వేళ్లు ఒక్కొక్కటీ విడదీశాను. బిగుసుకుపోయి ఉన్నాయి.

గౌను కూడా విప్పకుండా ఆయనే బయటికి పోయి లచ్చవ్వకు చెప్పారు. ఆమె ఆయన చేతుల వంకే చూసింది. "నీ చేతులల్లనే పోయిండా సారూ?" అంది. "ఆ, నా చేతులల్లనే" అన్నారు సారు. పోశం గోడకు తల కొట్టుకుంటున్నాడు. లచ్చవ్వ ఏడవలేదు, పోయి అతని తలకూ గోడకూ మధ్య చేయి అడ్డం పెట్టింది.

 తర్వాత సారు వడలు నలపడం మానేశారు. క్యాంటీన్ ఆయన కూడా నన్ను అడిగాడు, సారుకు పానం బాగలేదా అని. ఇంతలో ఎవరో మైసమ్మకు యాటను కోసి, అలవాటుగా కార్జం పంపారు. వద్దనలేక ట్రే మీద పెట్టాను. సారు దాన్ని రెండు వేళ్లతో పట్టారు. వెన్నలా విడిపోయింది. దారాలు తెల్లగా బయటపడ్డాయి. సారు చేయి వెనక్కి తీసుకున్నారు.

"సిస్టర్, అమ్మవారికి కుంటిదాన్ని, రోగపుదాన్ని ఎవలన్న కోస్తరా?"

"ఎందుకు కోస్తరు సార్? మచ్చ ఉన్నదాన్ని సుత ముట్టరు. చూసి చూసి మంచిదాన్నే తెస్తరు."

"గదే." ఆయన ట్రే వంక చూస్తూనే అన్నారు. "ఇన్నేండ్లు నేను దేవునికిచ్చిన కార్జాలే నేర్చుకున్న. నా దగ్గరికి ఖరాబైంది ఒక్కటన్న రాలే. మనుషులకేమో గసుంటియి ఉంటయా సిస్టర్?"

  రోగులను బాగుచేయడానికి వచ్చిన మనిషికి మేమంతా భక్తితో, ప్రేమతో ఒక్క రోగపు కార్జం కూడా చేరనివ్వలేదు. ఇల్లిల్లూ తిరిగి పచ్చివి అడిగిన నాకు కూడా ఆ ఆలోచన రాలేదు.

ఆ మర్నాటి నుంచి సారు పొద్దున్నే మార్కెట్‌కు పోవడం మొదలుపెట్టారు. గొర్రెలు కోసే కమేలాలో గోడవారగా నిలబడి, పారేసేవి అడిగేవారు. "సాబ్, యే తో ఖరాబ్ హై" అని వాళ్లు మొత్తుకునేవాళ్లు. "ఖరాబ్‌దే గావాలె భాయ్" అని ఈయన. గట్టిపడినవి, జలగలు పడినవి, బొడిపెలు కట్టినవి, అన్నీ ఆ ట్రే మీదికి వచ్చాయి. వేళ్లు పనికిరావని తెలిసింది. సన్నటి చిమటాలతో గోరంత గోరంత నొక్కి, కట్టి, ముందుకు జరగాలి. విదేశాల నుంచి తెప్పించుకున్న పత్రికల్లో ఇంకో సంగతి దొరికింది ఆయనకు. తొడిమను పట్టుకునే ఉండకూడదు. పట్టి కొంచెం పని చేసుకుని, వదిలి, తడిబట్ట అదిమి, కార్జాన్ని ఊపిరి తీసుకోనిచ్చి, మళ్లీ పట్టాలి. కరీంనగర్‌లో డాక్టర్ల మీటింగులో ఇదంతా చెప్పబోతే, కమేలాలో పారేసిన ముక్కల మీద పరిశోధనా అని నవ్వుకుని చాయ్ తాగడానికి లేచారట. ఆయన చెప్పలేదు నాకు. వెంట పోయిన డ్రైవరు చెప్పాడు.

రాజలింగు చనిపోయిన ఏడే పెత్రమాస నాడు లచ్చవ్వ దవాఖానకు వచ్చింది. బతుకమ్మ మొదలయ్యే ఆ అమావాస్యకు చనిపోయినవాళ్లకు ఇష్టమైనవి వండి ఆకులో పెడతారు మా దగ్గర. ఆమె చేతిలో స్టీలు గిన్నె ఉంది. సారు బల్ల మీద పెట్టి మూత తీసింది. వేయించిన కార్జం.

"ఆయనకు పానం గిదంటె. ఆకుల పెట్టిన. నీకు సుత తెచ్చిన."

"నాకెందుకవ్వా?"

"ఆయన కార్జం చేతుల పట్టినోనివి నువ్వే గద సారూ. కట్టుకున్నదాన్ని, నేను సుత ముట్టలే."

నేను గుమ్మంలో ఉన్నాను. సారు నీసు తినరు లచ్చక్కా అని చెప్పబోయాను. సారు నా వైపు చూసి వద్దన్నట్టు తలూపారు. నిలబడే తిన్నారు. ఒక్కొక్క ముక్కా నమిలి, గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నారు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. కారం ఎక్కువైందా సారూ అని అడిగింది ఆమె. ఎక్కువైందన్నారు.

ఆమె వెళ్లాక నేను కోప్పడ్డాను. "చెప్తె ఏమయితుండె సార్?"

"ఒద్దంటె రాజలింగును ఒద్దన్నట్టయితది సిస్టర్."

ఆ తర్వాత ప్రతి పెత్రమాసకూ ఆ గిన్నె వచ్చేది. ప్రతి పెత్రమాసకూ ఆయన తినేవారు. ఆ రోజు దగ్గరపడుతుంటే మనిషి మొహమే మారిపోయేది.

ఎనభైలు సగం గడిచాక ఒకరోజు లచ్చవ్వ గిన్నె లేకుండా వచ్చింది. వెనక పోశం. అన్నకు వచ్చిన పక్కనే, అన్నకు వచ్చినట్టే గడ్డ. ఒక్క తల్లి పిల్లలకు ఇది వస్తుంటుందని సారు అంతకుముందే చదివి ఉన్నారు.  "బొంబాయి పోండ్రి. నేను రాసిస్త" అని పెన్ను తీశారు.

"రాసియ్యకు సారూ. చెయ్యి పెట్టు."

"ఒకన్ని సంపిన్నవ్వా! తెల్వదా నీకు?"

లచ్చవ్వ గొంతు పెంచలేదు. "సంపెటోనివైతె ఇడిసిపెట్టి అవుతల పడుతుంటివి. నువ్వు పానం పోయినంక సుత ఇడువలేదట. సిస్టరమ్మ చెప్పింది. నాకు గది చాలు."

సారు మూడుసార్లు కాదన్నారు. పోశం దవాఖాన మెట్ల మీద కూర్చుని బీడీలు తాగుతూ ఉండిపోయాడు. చివరికి ఒకరోజు సారు నన్ను పిలిచి, మార్కెట్‌లో దొరికినవాటిలో అన్నిటికంటే ఖరాబైన కార్జం తెమ్మన్నారు. వరండాలో దాన్ని కోశాం. చిన్న చిన్నగా, నొక్కుతూ, కడుతూ, ఆగుతూ. ట్రే తెల్లగానే ఉంది. ఆయన ట్రేను కాదు, తన ఎడమచేతిని చూసుకున్నారు. "పట్టుడు అప్పుడే అచ్చింది సిస్టర్. ఇడుసుడు ఇప్పుడచ్చింది."

పోశం ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బాగా జరిగిన ఆపరేషన్‌లో కథ ఉండదు. పట్టారు, వదిలారు, ఆగారు, మళ్లీ పట్టారు. సారు వదిలినప్పుడల్లా నేను తడిబట్ట అదిమాను. తడిబట్ట తీస్తే నెత్తురు లేదు. గడ్డ గిన్నెలోకి వచ్చింది. మనిషి కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగాడు. బయట లచ్చవ్వ అప్పుడు ఏడ్చింది, రాజలింగు పోయిన రోజు ఏడవాల్సినదంతా. బాయి జనం జిలేబీలు పంచారు. నేను రెండు తిని, సారు కోసం ఒకటి పట్టుకుని లోపలికి పోయాను.

బట్టలు మార్చుకునే గదిలో బెంచీ మీద కూర్చుని ఉన్నారు. సంతోషంగా ఉంటారనుకున్నాను. తల ఎత్తి నన్ను చూసిన చూపు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

"తమ్ముడు బతికిండు గాబట్టి, అన్న సుత బతికెటోడే అని ఇయ్యాల తెలిసింది సిస్టర్. ఇన్నేండ్లు గది తెల్వక బతికిన."

నేను ఏదో అన్నాను. అప్పుడు మీకు తెలియదు కదా, ఎవరికీ తెలియదు కదా అని. ఆయన వినలేదు. ఆయన ఎడమచేయి మోకాలి మీద ఉంది. బొటనవేలు, చూపుడువేలు ఒకదానికొకటి ఒత్తుకుని, గోళ్లు తెల్లబడి ఉన్నాయి.

అక్కడి నుంచి మొదలైంది అది. రాజలింగు పోయాక కాదు, పోశం బతికాకే. కూర్చుంటే చాలు, ఎడమచేయి ఏదో ఒకటి పట్టుకునేది. పంచె కొస, పేపరు అంచు, ఏదీ లేకపోతే గాలినే. ఎవరైనా చూస్తున్నారని తెలిస్తే చేయి జేబులో పెట్టుకునేవారు. జేబులోనూ పట్టుకునే ఉండేదని నాకు తెలుసు. తర్వాత ఇంకొందరికి ఆ ఆపరేషన్ చేశారు. కొందరు బతికారు, కొందరు పోయారు. ఒక్కొక్కరు బతికిన రోజున ఆ చేయి ఇంకొంచెం బిగుసుకునేది. మనిషిని విజయం ఇంతగా పీడించడం నేను ఇంకెక్కడా చూడలేదు.

రిటైరయ్యాక కరీంనగర్‌లో ఉన్నారు. నేనూ ఇక్కడికే వచ్చాను. లచ్చవ్వ పెత్రమాసకు నస్పూర్ నుంచి బస్సులో గిన్నె ఒడిలో పెట్టుకుని వచ్చేది. పోయిన చలికాలంలో, తొంభై ఒకటి జనవరిలో, చూడ్డానికి పోతే ఆయన ఒక విదేశీ పత్రిక నా ముందు పెట్టారు. బతికున్న మనిషి కార్జంలోంచి కొంత కోసి ఇంకొకరికి పెడుతున్నారట ఇప్పుడు. ఇచ్చినవాళ్లకు మళ్లీ పెరుగుతుందట.

"లచ్చవ్వ అప్పుడే అడిగింది సిస్టర్. యాదికున్నదా? వార్డంత నవ్విండ్రు."

"మీరు నవ్వలే సార్."

"నవ్వలే. రాదని చెప్పిన." పత్రిక అంచు ఎడమచేతి వేళ్ల మధ్య నలిగిపోతోంది. "నవ్వన్న నవ్వితె బాగుండు."

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం కుర్చీలోనే పోయారు. నేను వెళ్లేసరికి చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. అందరూ మొహం చూసి ఏడుస్తున్నారు. నేను ఎడమచేయి చూశాను. వేళ్లు విడిపోయి, అరచేయి పైకి తెరుచుకుని ఉంది. ఈసారి ఎవరూ విడదీయకుండా ఆయనే వదిలేశారు.

నిన్న పెత్రమాస. నస్పూర్ పోయాను. లచ్చవ్వ రమ్మని కబురు పెట్టింది. పోశం జుట్టు నెరిసింది గానీ గట్టిగానే ఉన్నాడు, యాట కూర గిన్నె దించుతున్నాడు. గోడ దగ్గర రెండు ఆకులు వేసి ఉన్నాయి. ఒకటి రాజలింగుది. అన్నం, కూర, వేయించిన కార్జం, పక్కన గ్లాసులో కల్లు. రెండోది ఎవరిదో అడగక్కర్లేదు. దాని వైపు చూడ్డానికి నాకు భయం వేసింది. చచ్చాక కూడా ఆయనకు ఇది తప్పదా అనుకున్నాను. ఇవాళైనా చెప్పేయాలని నోరు తెరిచి ఆకు వంక చూశాను.

అన్నం, ముద్దపప్పు, చారు, వంకాయ కూర, పెరుగు. నీసు లేదు.

"లచ్చక్కా, నీకెట్ల తెల్సు?"

ఆమె ఆకు పక్కన నీళ్లు చల్లుతోంది. "మొదటి ఏడే ఎర్కైంది. గిన్నె మూత మర్సిపోయి మర్ల అచ్చిన. దవాఖాన ఎనక గోడ పట్టుకోని కక్కుకుంటుండు. నన్ను చూడలే."

"అయ్యో! మరి ఏటేట ఎందుకు తెచ్చినవే?"

"తేకుంటె నాకింక కోపం పోలేదనుకుంటడని తెచ్చిన."

 తినకపోతే ఆమె నొచ్చుకుంటుందని ఆయన, తేకపోతే ఆయన నొచ్చుకుంటాడని ఈమె. ఇద్దరూ అన్నేళ్లు పట్టుకునే ఉన్నారు. మధ్యలో ఉండి రెండువైపులా చూస్తున్న నేను ఒక్కమాట అని ఉంటే అయిపోయేది. కానీ ఆయన వద్దని తలూపిన ఆ తలూపు ఇప్పటికీ నా కళ్లముందు ఉంది, అది దాటడం నాకు చేతకాలేదు.

లచ్చవ్వ పప్పు మీద ఇంకొంచెం నెయ్యి వేసింది. తర్వాత లేచి, పోశంను, నన్ను చేతులు పట్టి పక్క అర్రలోకి తీసుకుపోయి తలుపు దగ్గరగా వేసింది.

"ఎవలం చూడొద్దు" అంది. "పాపం, ఇగనన్న కడుపునిండ తిననియ్యి."